రంగు దిగిన నావికుడి రుమాలు

సముద్రానికి ఎల్ల గీసి, ఓడలో ఉన్నవాడినీ ఒడ్డున ఉన్నవాడినీ ఒకే కంటితో కాచే దేవునికి ముందుగా స్తోత్రం. పెడనలో అద్దకం కుండల పక్కన పెరిగిన నన్ను వర్జీనియాలో ముప్పై ఏళ్లు పాత గుడ్డల ముందు కూర్చోబెట్టినందుకు స్తోత్రం. నేను దాచబోయినదాన్ని దాగనివ్వనందుకు మరీ ఎక్కువ స్తోత్రం. ఈ చివరి స్తోత్రానికి కారణం చెప్పడానికే కలం పట్టాను.

పాత బట్టలను ఇంకా పాడవకుండా చూసే పని నాది. దాన్ని ఇక్కడ కన్సర్వేషన్ అంటారు. ఈ మధ్య ఇందులోకి మన పిల్లలు కూడా ఒకరిద్దరు వస్తున్నారు. అనుభవాలు రాయమని వాళ్లే అడిగారు. ప్రమోషన్ల గురించి, ఫారాల గురించి రాయను. అవి మీకు ఎలాగూ తప్పవు. ఒక రుమాలు గురించి, ఒక అమ్మాయి గురించి, నా తప్పు గురించి రాస్తాను.

పాఠం అచ్చు వేసిన గుడ్డ

నా భార్య కరుణ నర్సు. ఆమె ఉద్యోగం మీద, ఆమె వెనక సూట్‌కేసు పట్టుకుని ఈ దేశానికి వచ్చాను. మొదటి రెండేళ్లు ఒక నౌకా మ్యూజియంలో పెట్టెలు మోశాను. ఒకరోజు పెట్టెలోంచి బయటపడిన అద్దకం గుడ్డను చూసి, అచ్చుకొయ్య ఏ వైపు నుంచి నడిచిందో నోరు జారి చెప్పేశాను. పక్కనే ఉన్న హెలెన్ విన్నారు. బట్టల ల్యాబ్‌కు ఆవిడే అధికారి. నీకెలా తెలుసని అడిగారు. మా నాన్న చేసే పని అని చెప్పాను. ఆవిడ నన్ను పెట్టెల దగ్గర నుంచి తీసి బల్ల దగ్గర కూర్చోబెట్టారు, సాయంత్రం క్లాసులకు పంపారు. నాకు ఈ వృత్తి పెట్టింది దేవుడే, కానీ ఆయన వాడుకున్న చెయ్యి హెలెన్‌ది.

మా దగ్గరికి ఎక్కువగా వచ్చేవి నావికుల సామాన్లు. వాటిలో నాకు ఇష్టమైనవి రుమాళ్లు. ఇంగ్లండు ఓడలు లోకమంతా తిరిగిన కాలంలో నావికులు మెడలో కట్టుకున్నవి, జేబులో కుక్కుకున్నవి. ఉత్త రుమాళ్లు కావు, వాటి మీద పాఠాలు అచ్చు వేసి ఉంటాయి. ఒకదాని మీద తాళ్ల ముడులు ఎలా వేయాలో బొమ్మలు. మరొకదాని మీద దిక్కుల చక్రం. ఇంకోదాని మీద నీళ్లలో మునిగినవాడిని పైకి లాగాక ఏం చేయాలో వరసగా. కొన్నింటి మీద, దూరం నుంచి ఓడకూ ఓడకూ మాట నడిపే జెండాలు, ఏ జెండా ఏ అక్షరమో. కాగితమైతే తడిసి చిరుగుతుంది. పుస్తకమైతే బరువు, పైగా ఎంతోమందికి చదువు లేదు. గుడ్డయితే చెమట తుడుచుకోవచ్చు, దెబ్బకు కట్టుకోవచ్చు, అవసరమైనప్పుడు విప్పి మోకాలి మీద పరుచుకుని చూసుకోవచ్చు.

అంతకు చాలాముందు మా కోస్తా రుమాళ్లు ఓడలెక్కి పోయేవి. తర్వాత వాళ్ల మిల్లులు వచ్చాయి, మా తాతల పని పడిపోయింది. ఆ మిల్లు గుడ్డల్ని నువ్వు బాగుచేస్తుంటే కోపం రాదా అని మా చర్చి సంఘంలో ఒక తమ్ముడు అడిగాడు. వచ్చేది. కానీ ఆ రుమాలు మెడలో కట్టుకుని తెరచాప కొయ్య ఎక్కినవాడు రాజూ కాదు, మిల్లు యజమానీ కాదు. కూలివాడు. వాడి చెమట మీద నాకు కోపం ఎలా నిలుస్తుంది?

హెలెన్ నేర్పిన మడత

చేరిన కొత్తలో ఒక రుమాలును తడిపి, గాజు పలకల మధ్య పెట్టి, ఒక్క ముడత లేకుండా చదును చేశాను. మెచ్చుకుంటారని హెలెన్‌కు చూపించాను. ఆవిడ చాలాసేపు చూసి, ఇందులో ఐమూలగా ఒక మడత ఉండాలి, ఏమైంది అన్నారు. తీసేశానని గర్వంగా చెప్పాను. ఆ మడతే ఆ మనిషి దాన్ని మెడకు ఎలా కట్టుకున్నాడో, ఏ పాఠం పైకి వచ్చేలా మడిచాడో చెప్పే ఒకే ఒక్క సాక్ష్యమట. ఇక దాన్ని ఎవరూ తిరిగి పెట్టలేరు.

ఆవిడ తిట్టలేదు. వారం రోజులు నా చేతులు వెనక్కి కట్టుకుని, ముట్టుకోకుండా ఒకే గుడ్డను చూస్తూ, చూసింది రాయమన్నారు. మూడో రోజుకి నాకు ఏడుపొచ్చింది. ఐదో రోజుకి కనబడడం మొదలైంది. నాకు దొరికిన పైఅధికారుల్లో ఆవిడంత కఠినమైనవారు లేరు, ఆవిడంత న్యాయమైనవారూ లేరు. ఆ రెండూ ఒకే మనిషిలో దొరకడం అరుదు. దొరికితే వదులుకోకండి.

డోరతీ గారి రుమాలు

నేను రిటైరవడానికి రెండు నెలల ముందు జెండాల రుమాలు ఒకటి వచ్చింది. అది మ్యూజియం సొత్తు కాదు. డోరతీ గారని, చెసపీక్ బే అవతలి ఒడ్డున ఉండే ఎనభై దాటిన పెద్దావిడ, ఎగ్జిబిషన్ కోసం అరువిచ్చారు. ఆవిడ తాత బ్రిటిష్ ఓడలో పనిచేసి బాల్టిమోర్‌లో దిగిపోయినవాడు. తనతో తెచ్చుకున్నది ఆ రుమాలొక్కటేనట.

ఎర్ర అంచు, లోపల వరసగా రంగు జెండాలు. కింది కుడి మూలలో ఒక ఎర్ర జెండా దాదాపు అరిగిపోయింది. ఎప్పుడూ అక్కడే పట్టుకుని విప్పేవాడేమో. ఆ అరిగిన చోట ఎవరో ఎర్ర దారంతో చిన్న చిన్న కుట్లు వేసి జెండాను మళ్లీ నింపారు. గుడ్డంతా పచ్చబారి, పెళుసుబారి ఉంది. కడగకపోతే పీచు పీచుగా రాలిపోతుంది. కడగాలని నిర్ణయించాం. మూడు వారాల్లో ఎగ్జిబిషన్.

నాతో పనిచేస్తున్న అమ్మాయి స్రవంతి. వరంగల్ పిల్ల. ఇక్కడే మాస్టర్స్ చేసి మా ల్యాబ్‌లో చేరి మూడేళ్లు. వేళ్లు చాలా నెమ్మది, చూపు చాలా పదును. ఎదురుగా ఎవరూ లేకపోతే నన్ను అంకుల్ అనేది, హెలెన్ ముందు ప్రసాద్ అనేది. ఆ నెలాఖరుకి ఆమె వీసా పొడిగింపు కాగితాలు వెళ్లాలి. మ్యూజియం డైరెక్టర్ ఉత్తరం మీద సంతకం పెడితే ఉంటుంది. పెట్టకపోతే ఈ దేశం వదిలి వెళ్లాలి. ఇలాంటి ల్యాబులు ఎన్నో లేవు కనుక, బహుశా ఈ వృత్తి కూడా. ఈ సంగతి మా ఇద్దరికీ తెలుసు. దీన్ని మనసులో ఉంచుకుని మిగిలింది చదవండి.

మా నాన్న ఎరుపు

గుడ్డను కడిగే ముందు ప్రతి రంగునూ పరీక్షించాలి. ఒక చుక్క నీరు వేసి, తెల్లటి బ్లాటింగ్ కాగితం పెట్టి, పైన చిన్న గాజు బిళ్ల బరువు పెట్టి ఆగాలి. కాగితానికి రంగు అంటకపోతే నీళ్లకు తట్టుకుంటుందని అర్థం. అచ్చు ఎరుపు, నీలం, నలుపు, పసుపు, అన్నీ చూశాం. నేను చెబుతుంటే స్రవంతి షీట్‌లో రాసింది. కింద తన పొడి సంతకం పెట్టింది.

అప్పుడు ఆ మూలను భూతద్దం కింద చూస్తూ అడిగింది.

"అంకుల్, ఈ దారం గూడ ఒకసారి టెస్ట్ చేద్దమా? ప్రింట్ రెడ్ వేరే ఉంది, ఇది జెర వేరే కొడ్తున్నది."

మా నాన్న చిరివేరుతో ఎరుపు ఉడకబెట్టేవాడు. కాలవలో జాడించి గుడ్డ పైకెత్తి, ఉడికిన ఎరుపు నీళ్లకి భయపడదురా అనేవాడు. ఆ మాట నా ఎముకల్లో ఉంది. ఎరుపు గురించి ఈ ఖండంలో నాకు ఎవరూ చెప్పక్కర్లేదని ఒక గర్వం. దాన్ని గర్వమని ఎన్నడూ అనుకోలేదు, వారసత్వం అనుకున్నాను.

"అద్దకం వాడి కొడుక్కి ఎరుపు నేర్పుతున్నావా తల్లీ? ఆ కాలం ఎరుపు కదలదు. కానివ్వు."

నవ్వుతూనే అన్నాను. ఆమె కూడా నవ్వింది. మీ ఇష్టం అంకుల్ అని షీట్‌లో ఎరుపు దగ్గర ఓకే అని రాసింది.

మంగళవారం ఉదయం రుమాలును నెట్ మీద పరిచి వెడల్పాటి పళ్లెంలో దింపాం. రెండు వేళ్ల లోతు శుద్ధి చేసిన నీరు. నేను లోపల ప్రార్థన చేసుకున్నాను. ప్రతిసారీ చేసుకుంటాను. పరీక్ష చేయవలసిన చోట ప్రార్థన చేయడం భక్తి కాదని ఆ రోజే తెలిసింది.

మొదటి నాలుగు నిమిషాలు బాగుంది. నీరు టీ రంగుకు తిరిగింది, అంటే మురికి వదులుతోంది. నాకు సంతోషం. స్పాంజితో మెల్లగా ఒత్తుతున్నాను.

స్రవంతి పళ్లెం మీదికి వంగింది. "అంకుల్. రెడ్ పోతున్నది."

కింది మూల నుంచి సన్నటి గులాబి పొగ లాంటిది లేచి పక్క జెండా తెలుపు మీదికి పాకుతోంది. అచ్చు ఎరుపు అలాగే ఉంది. కదిలింది దారం.

ఆ క్షణంలో గుడ్డను పైకి తీస్తే రంగు ఉన్నచోటే ఎండి నిలిచిపోతుంది. ఊరికే ఉంచితే పాకిపోతుంది. ఏం చేయాలో పుస్తకంలో ఉంది, నేను ఏళ్ల తరబడి పిల్లలకు చెప్పాను. కానీ నా చేతులు ఆగిపోయాయి. స్పాంజి నీళ్లలోనే ఉంది. స్రవంతి నన్ను దాటుకుని వచ్చి, నీళ్లు పోయేలా పళ్లెం అడుగు బిరడా లాగేసింది. చల్లటి నీళ్ల గొట్టం తెరిచి ఆ మూల నుంచి బయటి అంచు వైపు పారించింది. "కాగితాలు. కాగితాలియ్యండి" అంది. అప్పుడు కదిలాను. ఒకరు నీళ్లు పోస్తూ, ఒకరు బ్లాటింగ్ అద్దుతూ, ఫ్యాన్లు పెట్టి, నలభై నిమిషాలు.

చివరికి మూడు జెండాల తెలుపు గులాబి అయింది. బొటనవేలంత జెండాలే. కానీ జెండాల్లో రంగే అక్షరం. ఒక మనిషి సముద్రాలు దాటించి తెచ్చుకున్న పాఠంలో మూడు అక్షరాలు చెరిపేశాను. నడిసముద్రంలో కాదు, రెండు వేళ్ల లోతు నీళ్లలో.

గ్లవ్స్ విప్పినంత సేపు

హెలెన్ వచ్చారు. గుడ్డను చూశారు. బల్ల మీది షీట్ తీసి చదివారు. కింద పొడి సంతకం చూసి తలెత్తి అడిగారు.

"టెస్టులు ఎవరు చేశారు?"

స్రవంతి నా వైపు చూసింది. నేను గ్లవ్స్ విప్పుకుంటున్నాను. కుడి చేతిది వచ్చింది, ఎడమ చేతిది తడికి అంటుకుపోయింది. దాని వేళ్లు ఒక్కొక్కటే లాగాను. ఆ పని అయ్యేలోపు చెప్పవచ్చు. అడిగింది ఇంగ్లీషులో, జవాబు 'ఐ' అనే ఒక్క అక్షరం.

"ముందు గుడ్డ ఆరనివ్వండి హెలెన్. తర్వాత మాట్లాడుకుందాం" అన్నాను.

ఎంత బాధ్యతగా వినబడిందో చూడండి. అది అబద్ధం కాదు కూడా. అందుకే అది అంత బాగా పనిచేసింది.

బుధవారం హెలెన్ స్రవంతిని పిలిపించుకుని తలుపేసుకున్నారు. గురువారం డైరెక్టర్ ఆఫీస్ నుంచి కబురు వచ్చింది. రిపోర్టు తేలేదాకా వీసా ఉత్తరం మీద సంతకం ఆపుతున్నామని. స్రవంతి ఆ రోజు లంచ్ డబ్బాతో తన కార్‌లో కూర్చుంది. కిటికీలోంచి చూశాను. డబ్బా మూత తీయడం చూశాను, తినడం చూడలేదు.

శుక్రవారం హెలెన్ నన్ను అడిగారు. ఆ అమ్మాయికి నేర్పింది నువ్వే కదా, జాగ్రత్త గల మనిషేనా అని. నేను ఏమన్నానో రాయాలంటే సిగ్గుగా ఉంది, అందుకే రాస్తున్నాను.

"మంచి పిల్ల. ఇంకా చిన్నది కదా, నేర్చుకుంటుంది."

దయ చూపిస్తున్నట్టే అన్నాను. రాళ్లతో కొట్టడం కన్నా అది హీనం. రాయి విసిరేవాడిని కనీసం గుర్తుపట్టవచ్చు.

ఎందుకు చెప్పలేదని మీరు అడగవచ్చు. రెండు నెలల్లో వెళ్లిపోతున్నాను, ముప్పై ఏళ్ల మచ్చలేని పేరు. ఎగ్జిబిషన్‌లో గోడ మీద నా పేరు ఉండబోతోంది. సోమవారం చెబుతాను, రిపోర్టులో రాస్తాను, ఉత్తరం వేళకి సర్దుకుంటుంది అని నాకు నేను చెప్పుకున్నాను. పుట్టిన దగ్గర నుంచి వాక్యం వింటున్నవాడిని. తోటలో దేవుడు అడిగితే మొదటి మనిషి పక్కనున్న భార్య మీదికి వేలు చూపాడని సండే స్కూల్లో పిల్లలకు నేనే చెప్పాను. నేను వేలు కూడా చూపలేదు. నోరు మూసుకుంటే చాలు, వేలు దానంతటదే ఆమె వైపు తిరిగింది.

సాక్ష్యం

ఆ ఆదివారం ఆష్‌బర్న్‌లో మా తెలుగు సంఘంలో నేను సాక్ష్యం చెప్పాలి. రిటైరవుతున్నవాళ్లు దేవుడు తమ పనిలో ఎలా తోడున్నాడో లేచి చెప్పడం మా దగ్గర అలవాటు. అమెరికన్ చర్చి హాలు మధ్యాహ్నం నుంచి మాకు ఇస్తారు. ఆరాధన, తర్వాత భోజనం. రెండు వారాల కిందటే కరుణ స్రవంతిని కూడా పిలిచింది. ఆ పిల్ల మా విశ్వాసం కాదు, బిర్యానీకైనా రావే అని. ఆ వారం అయినదానికి రాదనుకున్నాను. వచ్చింది. చివరి వరసలో, డోర్ పక్కన కూర్చుంది.

నేను మాట్లాడాను. పెడన గురించి, నాన్న గురించి, పెట్టెలు మోసినవాడిని బల్ల దగ్గరికి చేర్చిన కృప గురించి. ఆమెన్‌లు పడ్డాయి. ఒక పెద్దావిడ కళ్లు తుడుచుకుంది. నా చేతుల పనిలో దేవుడు నన్ను సిగ్గుపడనివ్వలేదు అని నేను అంటున్నప్పుడు స్రవంతి ముఖం కనబడింది. కోపం లేదు. మీటరు మీద ముల్లు కదులుతుందేమో అని చూస్తున్నట్టుగా, నన్నే చూస్తోంది. ముల్లు కదల్లేదు. నేను కూర్చున్నాను.

భోజనాల దగ్గర ప్లేటు పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. కరుణ పక్కనే రైతా వడ్డిస్తోంది.

"మంచిగ చెప్పిన్రు అంకుల్" అంది. తర్వాత మెల్లగా, "ఈడైతే చెప్తరేమో అనుకున్న."

ప్లేటు బల్ల మీద పెట్టి, కరుణకు నమస్కారం పెట్టి వెళ్లిపోయింది.

కార్ కరుణ నడుపుతోంది. డేటా సెంటర్ల గోడలు ఒకటి తర్వాత ఒకటి పోతున్నాయి. ఇంతకీ మీరు చెప్పనిదేంటి అని అడిగింది. చెప్పాను. మంగళవారం నుంచి ఆదివారం దాకా, గ్లవ్స్‌తో సహా. విని, రోడ్డు మీద నుంచి చూపు తిప్పకుండా అంది.

"మా వార్డులో తప్పు మందు ఇచ్చినవాళ్లు వెంటనే చెబితే పేషెంటునీ కాపాడతాం, వాళ్లనీ కాపాడతాం. మర్నాడు చెబితే పేషెంటుని మాత్రమే చూస్తామండీ. మీకు ఆరు రోజులైంది."

"రేపు చెబుతాను."

"నాకు చెప్పకండి. చెప్పి రండి."

ఆ సాయంత్రం భోజనం ముందు ప్రార్థన ఆమే చేసింది. నా పేరు ఎత్తలేదు. స్రవంతి పేరు ఎత్తింది.

సోమవారం

హెలెన్ కన్నా ముందు వెళ్లి పార్కింగ్ లాట్‌లో నిలబడ్డాను. ఆవిడ కారు దిగీదిగకముందే చెప్పడం మొదలుపెట్టాను. దారాన్ని పరీక్షించలేదు, అన్నీ అయ్యాయని రాయించింది నేను, షీట్ మీద ఉన్నది ఆమె చేతిరాత మాత్రమే. ఆవిడ కారు తలుపు పట్టుకుని అలాగే విన్నారు.

"దారం గురించి ఆమె నిన్ను అడిగిందా?"

"అడిగింది."

"నువ్వేమన్నావు?"

"నవ్వాను."

ఆవిడ తలుపు మూశారు. "ఇది నాకు చెప్పి లాభం లేదు ప్రసాద్. లోపలికి నడువు. అందరి ముందు చెప్పు."

మా ల్యాబ్‌లో తొమ్మిదిమందిమి. కాఫీ కప్పులు చేతుల్లో ఉండగా చెప్పాను. సంఘంలో అంత బాగా మాట్లాడినవాడికి అక్కడ వాక్యం పూర్తవలేదు. ఉడికిన ఎరుపు నీళ్లకు భయపడదని నాన్న అనేవాడు. భయపడిన రంగు నేనే. రంగు కదలగానే బిరడా లాగింది స్రవంతి అని, నా చేతులు కదల్లేదని కూడా చెప్పాను. ఆమె కింద నేలను చూస్తోంది. అయిపోయాక నా వైపు చూడకుండా తన బల్ల దగ్గరికి వెళ్లి లైటు వేసుకుంది.

హెలెన్ డైరెక్టర్ దగ్గరికి వెళ్లారు. ఉత్తరం ఆ రోజే వస్తుందనుకున్నాను. రాలేదు. కొత్త రిపోర్టు కావాలన్నారు, మళ్లీ అందరి మాటలూ విడివిడిగా రాసుకున్నారు. మంగళవారం గడిచింది. నెలాఖరుకి మూడు రోజులు. నేను ఆలస్యం చేసిన ప్రతి రోజూ ఇప్పుడు ఆమె గడువులోంచి తెగుతోంది. బుధవారం మధ్యాహ్నం హెలెన్ ఒక కవరు తెచ్చి స్రవంతి బల్ల మీద పెట్టారు. ఆమె విప్పి, చదివి, మళ్లీ మడిచి, బ్యాగులో పెట్టుకుంది. బాత్రూమ్‌కు వెళ్లి చాలాసేపు రాలేదు.

నా విషయంలో హెలెన్ తీర్పు రెండు మాటల్లో ఇచ్చారు. ఎగ్జిబిషన్ గోడ మీద నా పేరు ఉండదు. మిగిలిన రెండు నెలలు నీళ్ల బల్ల దగ్గరికి రాకూడదు. అద్దకం వాడి కొడుకు చివరి రెండు నెలలు పెట్టెలకు లోపలి గుడ్డ కుట్టాడు. న్యాయమే. వీడ్కోలు విందు నేనే వద్దన్నాను. ఎవరూ బలవంతం చేయలేదు.

సముద్రం చూడని దారం

రుమాలు తిరిగి ఇచ్చే పని కూడా నాకే పడింది. బే బ్రిడ్జి దాటి డ్రైవ్ చేసుకుంటూ వెళ్లాను. డోరతీ గారు వంటింటి బల్ల మీద పెట్టమన్నారు. పెట్టె మూత తీసి అంతా చెప్పాను. ఆవిడ కళ్లద్దాలు మార్చుకుని ఆ మూలకు వంగారు.

ఈ కుట్లు మా నాయనమ్మవి అన్నారు. తాత ఓడ దిగి, పెళ్లి చేసుకుని, ఇంట్లో కూర్చున్నాక కుట్టింది. ఆ జెండా అరిగిపోయిందని రోజూ సణుగుతుంటే, ఊళ్లో కొన్న దారంతో నింపి నోరు మూయించిందట. తర్వాత ఆ గుడ్డ పెట్టెలోంచి తీయలేదు.

"అచ్చు ఉప్పునీళ్లలో నాని వచ్చింది. దారం ఎన్నడూ సముద్రం చూడలేదు. ఫోన్ చేసి అడిగితే చెప్పేదాన్ని కదా."

అడగలేదు. స్రవంతి కంటికి కనబడిన తేడా, ఈవిడ నోటి మీద ఉన్న జవాబు, రెండూ ఒక్క ఫోన్ దూరంలో ఉన్నాయి. నాన్న ఎరుపు నాకు అడ్డం నిలబడింది. తప్పు నాన్నది కాదు. ఆయన ఏ రంగునైనా కాలవలో జాడించి చూడకుండా అమ్మేవాడు కాదు. నేను ఆయన మాట పట్టుకున్నాను, ఆయన పని వదిలేశాను.

డోరతీ గారు బాప్టిస్టు, ప్రార్థన గల మనిషి. క్షమించానని అంటారేమో అని ఎదురుచూశాను. అనలేదు.

"గుడ్డ సంగతి నేను ఓర్చుకుంటాను. ఇంకొకరి బిడ్డను ఆరు రోజులు ఎందుకు నిలబెట్టావు?"

పెట్టెకు మూత పెట్టి ఆవిడ చేతికి ఇచ్చాను. ఆ రుమాలు ఎగ్జిబిషన్‌కు రాలేదు.

ఇది జరిగి రెండేళ్లు. స్రవంతి ఇప్పుడు ఆ నీళ్ల బల్లకు పెద్ద. కొత్తగా వచ్చినవాళ్లతో ప్రతి దారాన్నీ, ముందూ వెనకా, విడివిడిగా పరీక్ష చేయిస్తుందని, అరువిచ్చినవాళ్లకు తనే ఫోన్ చేస్తుందని హెలెన్ చెప్పారు. మ్యూజియంలో ఒకసారి ఎదురైంది. బాగున్నారా ప్రసాద్ గారూ అంది. ఎదురుగా ఎవరూ లేరు. అంకుల్ అనలేదు.

ఈ పనిలోకి వచ్చే పిల్లలకు నేను చెప్పేది పెద్దగా ఏం లేదు. మీకు బాగా తెలిసిన రంగునే ముందు అనుమానించండి. చిన్నవాళ్లు ఒకటి అడిగితే, నవ్వే ముందు ఒక చుక్క నీరు వేసి చూడండి. పది నిమిషాల పని. గుడ్డ పాడైతే, పాడైన గంటలోనే మీ పేరు మీరే చెప్పండి. ఏడో రోజున చెప్పినవాడికి క్షమాపణ దొరకవచ్చు. పోయిన పిలుపు తిరిగి రాదు.

ఇంత ఓపికగా చదివారు కనుక, ఎక్కడ కూర్చున్నారో అక్కడే నాతో పాటు ఒక్క నిమిషం తల వంచండి. ఆ అమ్మాయి చేతులను దేవుడు కాపాడాలని అడుగుదాం. డోరతీ గారి పెట్టెలో గులాబి రంగుకి తిరిగిన ఆ మూడు అక్షరాల కోసం నేను అడగను. అవి అలా ఉండడమే న్యాయం. మన కోసం మాత్రం ఇది అడుగుదాం. ప్రభువా, ఇది ఎవరు చేశారని ఎవరైనా మమ్మల్ని అడిగిన రోజున, మా చేతికి గ్లవ్స్ ఉండగానే, అవి విప్పే లోపే, మా నోరు తెరువుము. ఆమెన్ మీరు కూడా అనండి.